కారుకూ గోడకూ మధ్య

మా తమ్ముడు నరేందర్ గుడిమల్కాపూర్‌లో, పూల మార్కెట్‌కు వెనక ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. పోయిన నెల చూడబోతే మనిషి ఇంట్లో లేడు. కింద పార్కింగ్‌లో తన వంతు జాగాలో, ఒక పాత జీపు అస్థిపంజరం కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. బ్యాంకులో కూర్చుని పనిచేసే మనిషికి యాభై దాటాక ఈ పిచ్చి పట్టింది. జీపు చుట్టూ డబ్బాలు, టైర్లు, స్తంభానికి ఆనించిన తలుపులు. అప్పుడే మా మరదలు కవిత కూరగాయల సంచితో మార్కెట్ నుంచి వచ్చింది. లిఫ్టు దాకా పోవడానికి స్తంభానికీ జీపుకూ మధ్య పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి, సంచిని నెత్తి మీదికి ఎత్తుకుని దాటింది. "అరేయ్, ముందుగాల తొవ్వ ఇడువురా!" అని అందరూ వినేలా అరిచాను. వాడు బయటికి పాక్కుంటూ వచ్చి నవ్వాడు. "ఏందక్కా, జీపును జూస్తే గంత భయమా? బాపు ఇంట్లనే కారు కట్టిండు గద, నేను పార్కింగ్‌ల కట్టుకోవద్దా?" అన్నాడు.

బాపు కారు కట్టాడన్నది వాడికి నవ్వుకునే కథగానే తెలుసు. అమ్మ వాడికి ఎప్పుడు చెప్పినా నవ్వొచ్చే సగమే చెప్పింది. మిగతా సగం ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ సాయంత్రం చాయ్ తాగి తిరిగి వస్తున్నంతసేపూ ఆ మిగతా సగమే కళ్ల ముందు ఆడింది.

మా ఇల్లు పాతబస్తీలో, శాలిబండ దాటాక లోపలికి తిరిగే ఒక గల్లీ ఆగిపోయే చోట, గల్లీకి ఎదురుగా ఉండేది. వీధి గడప దాటగానే సన్నగా, పొడుగ్గా ఒక దాలానం. దాని చివర రెండు అర్రలు, వాటి వెనక వంటిల్లు, ఆకాశం ఓ ముక్క కనిపించే చిన్న వాకిలి. మూడు పక్కలా వేరేవాళ్ల గోడలు. బయటికి పోవాలన్నా, లోపలికి రావాలన్నా ఆ దాలానం ఒక్కటే దారి. సరిగ్గా ఆ దారిలోనే బాపు కారు కట్టాడు.

బాపు సిటీ బస్సుల డిపోలో ఫిట్టర్. పొద్దంతా బస్సుల కింద దూరి పనిచేసి, సాయంత్రం ఇంటికొచ్చి చాయ్ తాగి, మళ్లీ తన కారు కింద దూరేవాడు. అమ్మకు ఇది ఎన్నటికీ అర్థం కాలేదు. "మిఠాయి దుకాణమోడు ఇంటికొచ్చి గుడ మిఠాయే తింటడా?" అనేది. "గా బస్సులు సర్కారుయి. గిది నాది," అనేవాడు బాపు. అంతకు మించి ఎప్పుడూ వివరించలేదు. కారు కూడా ఒక్కసారిగా రాలేదు. అడుగున ఉండే ఇనుప చట్రం తుక్కు బజారు నుంచి మనుషుల భుజాల మీద వచ్చింది. ఇంజను గోనెపట్టాలో చుట్టి, బొంగుకు వేలాడదీసుకుని, ఎవరో పెద్దమనిషిని మోసుకొచ్చినంత మర్యాదగా తెచ్చారు. రేకులు కొన్ని బాపే కొట్టి వంచాడు. ఆ సుత్తి చప్పుడుకు పక్కింటి ఖాదర్ భాయ్ గోడవతల నుంచి "క్యా భాయ్, బస్సా, విమానమా?" అని పిలిచేవాడు. ఖాదర్ భాయ్‌ది లక్క గాజుల పని. బొగ్గుల కుంపటి మీద లక్క కాగే వాసన, మా ఇంట్లోని కిరసనాయిలు, గ్రీజు వాసన కలిసి గల్లీ మొగదాకా వచ్చేవి.

జాగా లేని చోట జాగా పుట్టించడంలో బాపును మించినవాళ్లను నేను చూడలేదు. చక్రాలకు బిగించేదాకా టైర్లు మా మంచాల కింద ఉండేవి. మా బొంతలన్నీ రబ్బరు వాసన వేసేవి. కారు తలుపులు క్యాలెండర్ పక్కన మేకులకు వేలాడేవి. నట్లూ బోల్టులూ ఖాళీ అయిన ఆవకాయ జాడీల్లో ఉండేవి. ఒకసారి మా నాయినమ్మ నిమ్మకాయ తొక్కు అనుకుని అందులో చెయ్యి పెట్టి, ఇల్లు ఎగిరిపోయేలా లొల్లి చేసింది. వెనక సీటును లోపలి అర్రలో ఇటుకల మీద పెట్టాం. అదే మా సోఫా. చుట్టాలొస్తే దాని మీద కూర్చుని ఎగిరెగిరి పడేవాళ్లు. నల్లా నీళ్లు వచ్చే వేళకు గల్లీలోంచి అమ్మ బిందె తెచ్చి అందిస్తే, బానెట్ మీదుగా నేను అందుకుని లోపల నాయినమ్మకు ఇచ్చేదాన్ని. నా హోంవర్కు కూడా ఆ బానెట్ మీదే సాగేది. మిగతా పిల్లల పుస్తకాల మీద సిరా మరకలుండేవి, నా పుస్తకాల మీద గ్రీజు వేలిముద్రలు.

ఇక నాయినమ్మకు, గడపకు ఉన్న సంగతి చెప్పాలి. మా వీధి గడప జానెడు ఎత్తున ఉండే ముసలి టేకు దుంగ. తెల్లారి స్నానం చేసి, చాయ్ కూడా ముట్టకముందే నాయినమ్మ దాన్ని కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేది. దాని మీద కూర్చోకూడదు, నిలబడి తుమ్మకూడదు, ఒక వస్తువును ఈ పక్క నుంచి ఆ పక్కకు అందించకూడదు. అందుకే బిందె అందించేటప్పుడు కూడా అమ్మ ముందు గడప దాటి లోపలికి వచ్చి, అప్పుడే నాకు ఇచ్చేది. కాలు పడటం మాట అటుంచండి, చీర అంచు తగిలినా నాయినమ్మకు తెలిసిపోయేది. ఖాదర్ భాయ్ కూడా మా ఇంటికొస్తే చెప్పులు గల్లీలోనే విడిచి, కాలు ఇంతెత్తు లేపి దాటేవాడు.

బాపు కారు మొదలుపెట్టే ముందు తలుపును టేపుతో నిలువూ అడ్డమూ కొలిచాడు. బయటికి పొడుచుకొచ్చే బోల్టుల పొడుగు కూడా లెక్కలో వేసుకున్నాడు. వెడల్పు సరిపోయింది, ఎత్తు సరిపోయింది. గడప మాత్రం ఆయన కొలతల్లోకి రాలేదు. ఇంత తెలివైన మనిషి అదెట్లా మరిచిపోయాడని గల్లీ అంతా నవ్వుకుంది. నాకేమో అందులో వింత కనిపించదు. నడక నేర్చిన నాటి నుంచీ బాపు ఆ గడప మీద ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. ఆయన కాలు మనసును అడగకుండానే అక్కడికి రాగానే లేచి దాటేసేది. చక్రానికి ఆ మర్యాద తెలియదని ఆయనకు తట్టనే లేదు.

తట్టిన రోజున రెండు మందపాటి పలకలు తెచ్చి దాలానం గోడకు ఆనించాడు.

"అవ్వా, గిటొక పలక, గటొక పలక ఏస్త. చక్రం గడపకు తగలనే తగలదు," అన్నాడు నాయినమ్మతో.

"పలక మీద చక్రం, గడప మీద పలక. మరి బరువు ఎవలి మీద పడ్తదిరా? లచ్చిమి నెత్తి మీదికెల్లి బండి తోల్తవా?"

"మరెట్ల తియ్యాల్నే?"

"ఎట్ల తెచ్చినవో గట్లనే తియ్యి. ఎత్తుకొని."

తెచ్చినప్పుడు అది ముక్కలు. ఇప్పుడు అతుకులు వేసి, రివెట్లు కొట్టి ఒక్కటిగా నిలబెట్టిన బండి. మళ్లీ విప్పడమంటే బాపుకు తన చెయ్యి తాను నరుక్కున్నట్టే. ఆ రోజు నుంచి తల్లీకొడుకుల మధ్య మాటలు పోయాయి. "నీ బాపును బువ్వ తినమను," అని నాయినమ్మ, "మీ నాయినమ్మ మందులేసుకున్నదా అడుగు," అని బాపు. మధ్యలో టెలిఫోన్ తీగను నేను. పలకలు గోడకు ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయి.

అమ్మ కడుపుతో ఉన్నది ఆ రోజుల్లోనే. నేను పుట్టినప్పుడు ఆమెకు ఆపరేషన్ అయింది, చావు తప్పి బయటపడిందట. ఈసారి దవాఖానలో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, ఇంట్లో కాన్పు మాట అనుకోనే వద్దు, నొప్పులు మొదలైతే ఒక్క ఘడియ కూడా ఆగొద్దు అని. ఆ మాట నేను అమ్మ కొంగు పట్టుకుని నిలబడి విన్నాను. విన్నప్పటి నుంచి నాకు లోకంలో ఇంకేదీ కనబడలేదు. బడిలో ఉన్నా, బువ్వ తింటున్నా కారుకూ గోడకూ మధ్య ఉన్న ఆ సందే కనిపించేది. మొదట్లో అమ్మ చంకన బిందెతో అందులోంచి నడిచేది. తర్వాత బిందెను బానెట్ మీదుగా అందించి, తాను మాత్రం పక్కకు తిరిగి వచ్చేది. ఆ తర్వాత వీపు గోడకు ఆనించి, గాలి వదిలి, పొట్టను చేతులతో పైకి పట్టుకుని కొంచెం కొంచెంగా జరిగేది. ముందు చక్రం మీది రేకు ఉబ్బెత్తుగా ఉన్న చోట దారి మరీ ఇరుకు. అక్కడికి రాగానే నా ఊపిరి కూడా ఆగేది. పొట్ట పెరుగుతోంది, గోడ జరగదు, కారు కదలదు. ఈ లెక్క ఇంట్లో నాకొక్కదానికే ఎందుకు కనిపిస్తోందో అర్థం కాక ఏడుపొచ్చేది.

ఒక రోజు దిండును పొట్టకు కట్టుకుని నేనే ఆ సందులో దూరి చూశాను. ముందు చక్రం దగ్గర ఇరుక్కుపోయాను. ముందుకూ రాలేను, వెనక్కూ పోలేను. కేకలు వేస్తే అమ్మ వచ్చి చూసి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ నా పొట్టకున్న దిండు వంక చూసింది, తర్వాత సందు వంక చూసింది. ఆమె నవ్వు ఆగిపోయింది. నన్ను బయటికి లాగి, దిండు ముడి విప్పింది.

ఆ సాయంత్రం కారు కిందికి వంగి బాపును అడిగాను. "బాపూ, అమ్మకు నొప్పులొస్తే ఎట్ల బయటికి పోతది?"

"గప్పటికి బండి బయటనే ఉంటది బిడ్డా."

"ఎట్లుంటది? నాయినమ్మ ఒప్పుకుంటలేదు గద."

"ఒప్పుకుంటది. ఇంక మస్తు టైమున్నది. నువ్వు ఉట్టిగ ఫికర్ జేసి పానం మీదికి తెచ్చుకోకు, పో." ఊరికే దిగులు పడతానని నాకు ఆయన పెట్టిన పేరు ఫికర్ పోశవ్వ. ఆ పేరుతో ముద్దుగా పిలిచి, గ్రీజు వేలితో నా ముక్కు మీద చుక్క పెట్టాడు.

నాయినమ్మనూ అడిగాను. "నన్నెందుకు అడుగుతవే? నేనేమన్న కారు కట్టిన్నా? నీ బాపును విప్పుమను," అంది, బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తకుండా. కొడుకు తగ్గుతాడని తల్లి, తల్లి కరుగుతుందని కొడుకు. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్లు కాదు. అమ్మంటే ఇద్దరికీ ప్రాణమే. అయినా అమ్మ లోపలే ఉండిపోయింది. ఎండాకాలమని బయటికి పోవడం మానేసింది. దవాఖానలో చూపించుకునే రోజు వస్తే, "వచ్చే వారం పోత, ఇయ్యాల నడుము గుంజుతుంది," అంది. నడుము గుంజడం కాదని నాకు తెలుసు. ఆమె ఇక ఆ సందులో పట్టదు. ఆ మాట పైకి అంటే మొగుడికీ అత్తకూ మళ్లీ లొల్లి అవుతుందని అమ్మ నోరు విప్పలేదు. నాకు బాపు మీద కోపం, నాయినమ్మ మీద కోపం, ఏమీ అనని అమ్మ మీద అందరికన్నా ఎక్కువ కోపం.

చెప్పిన రోజుల కంటే ముందే, ఒక మిట్టమధ్యాహ్నం అమ్మకు నొప్పులు వచ్చాయి. బాపు డ్యూటీలో ఉన్నాడు. వంటింట్లోంచి "అత్తమ్మా" అన్న పిలుపు విని పోతే అమ్మ గోడ పట్టుకుని వంగి ఉంది. కాళ్ల దగ్గర నేలంతా తడి. నాయినమ్మ ఆమెను పట్టుకుని దాలానంలోకి తెచ్చింది. అమ్మ అలవాటు చొప్పున పక్కకు తిరిగి, వీపు గోడకు ఆనించి, చేతులతో పొట్ట పట్టుకుని ఒక అడుగు జరిగింది. రెండో అడుగు పడలేదు. "నాతోని కాదు అత్తమ్మా," అని ఏడ్చింది.

నాయినమ్మ గోడ మీదుగా కేక వేసింది. ఖాదర్ భాయ్ వేళ్లకు లక్కతోనే పరుగెత్తుకొచ్చాడు. వెనక అతని భార్య జుబేదా చాచి, గాజుల కార్ఖానా మనుషులు. మంచం మీద మోద్దామంటే మంచం పట్టదు. బానెట్ ఎక్కించి దాటిద్దామని చూస్తే, అమ్మ ఒక కాలు ఎత్తి కెవ్వున అరిచింది. "నక్కో, నక్కో! పాత ఆపరేషన్ ఉన్నది ఆమెకు," అంటూ జుబేదా చాచి అందరినీ వెనక్కి నెట్టింది. నేను నాయినమ్మ ముఖం చూస్తున్నాను. ఆమె గోడకు ఆనించిన పలకల వంక చూస్తోంది.

"గా పలకలు ఎయ్యుండ్రి," అంది.

ఖాదర్ భాయ్ కదల్లేదు. "అమ్మా, మీ చౌఖట్ మీదనా?" అన్నాడు.

"ఎయ్యుమంటున్న గద ఖాదరూ! గడపను మళ్ల కడుగుకుంట. గసొంటి కోడలు నాకు మళ్ల దొరుకుతదా?"

పలకలు పడ్డాయి. గల్లీలోంచి లాగేవాళ్లు లాగారు. బానెట్ ఎక్కి దాటొచ్చిన కార్ఖానా మనుషులు వెనక నుంచి నెట్టారు. ముందు చక్రాలు ఎక్కినప్పుడు పెద్ద మద్దెల పగిలినంత చప్పుడైంది. పలక పగిలిందో గడప పగిలిందో తెలియదు. అందరూ నాయినమ్మ వైపు చూశారు. ఆమె గడప వైపు చూడనే లేదు, రెండు చేతులతో అమ్మను పట్టుకుని ఉంది. కారు గోడలను గీసుకుంటూ గల్లీలోకి దిగింది.

అప్పుడు తెలిసింది ఇంకో కష్టం. దాలానం ఖాళీ అయింది గానీ గల్లీ నిండిపోయింది. మా గల్లీ వెడల్పే అంత. ఇక ఆటో గడప దాకా రాదు. కారును దాటుకుని పెద్ద రోడ్డు దాకా నడవడం అమ్మ వల్ల కాదు. "ఇప్పుడెట్ల, ఇప్పుడెట్ల," అని నేను జుబేదా చాచి ఓణీ పట్టుకుని గుంజుతూనే ఉన్నాను. "గండ్లనే కూసోబెట్టుండ్రి!" అంది నాయినమ్మ, కారును చూపిస్తూ. మా సోఫాను ఆడవాళ్లు లోపలి అర్రలోంచి మోసుకొచ్చి కారులో పడేశారు. అమ్మను దాని మీద ఒరగబెట్టి నాయినమ్మ పక్కన కూర్చుంది. నన్ను ముందు, రేకుల మీద కుదేశారు. స్టీరింగ్ ముందు ఖాదర్ భాయ్. పాపం ఆయనకు స్కూటర్ తప్ప వేరే బండి తెలియదు.

ఇంజను ఇంకా ప్రాణం పోసుకోలేదు. గల్లీ జనమే ఇంజను. "హటో! బాజూ, బాజూ!" అని అరుస్తూ తోస్తుంటే, గాజుల దుకాణాలవాళ్లు బయట పెట్టిన బల్లలు లోపలికి లాక్కున్నారు. బట్టల దుకాణం ముందు వేలాడే చీరలు మా ముఖాలకు తగులుతూ పోయాయి. వెనక అమ్మ మూలుగు వినిపించినప్పుడల్లా నేను కళ్లు మూసుకున్నాను. గల్లీ మొగలో నేల పల్లానికి దిగుతుంది. అక్కడ కారు తనంతట తాను ఉరకడం మొదలుపెట్టింది. తోసేవాళ్ల చేతుల్లోంచి జారిపోయింది. ఎదురుగా పెద్ద రోడ్డు మీద బస్సు పోతోంది. "యా అల్లా!" అంటూ ఖాదర్ భాయ్ కాలికి దొరికిన ప్రతి పెడలూ తొక్కాడు. వాటిలో ఏదో పట్టింది. కారు ముక్కు రోడ్డు అంచున ఆగింది. బస్సు గాలి మా మీద కొట్టి వెళ్లిపోయింది. ఎవరో ఆటోను ఆపారు. దవాఖానకు పోయే దారిలో నయాపూల్ వంతెన మీద బండ్లన్నీ నిలిచిపోయి ఉంటే, నేను అమ్మ పెదవి వంకే చూస్తూ కూర్చున్నాను. పెదవి కొరుక్కుంటున్నంతసేపు బతికే ఉందని నా లెక్క.

కారు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. బాపు దాన్ని మళ్లీ ఇంట్లోకి తేలేదు. ఊరవతల ఖాళీ జాగా ఉన్న తోటి ఫిట్టర్‌కు ఇచ్చేశాడు. అక్కడ ఇంజను మాట్లాడిందనీ, కొన్నాళ్లు తిరిగిందనీ విన్నాం. కారు పోయాక దాలానం మైదానంలా కనిపించేది. అయినా అమ్మ చాలా రోజుల దాకా అక్కడికి రాగానే పక్కకు తిరిగే నడిచింది. ఇప్పుడు ఆ ఇల్లు లేదు. దాని చోట గాజుల దుకాణం, కింద గోదాము. కొత్త ఇళ్లకు గడపలు నేలకు సమానంగా నాపరాయితో వేస్తున్నారు, బండి ఎక్కడానికి ముందే వాలు కడుతున్నారు. మా తమ్ముడి పార్కింగ్ జాగాలో మా దాలానం రెండుసార్లు పడుతుంది. అయినా కవిత నడిచే సందు మాత్రం అమ్మ నడిచినంతే ఉంది. తేడా అంటే, మా సందు గురించి గల్లీ అంతా మాట్లాడేది, నవ్వేది, తిట్టేది. వీళ్ల అపార్ట్‌మెంట్‌లో ఎవరూ ఏమీ అనరు. ఫోన్ గ్రూపులో ఒక నోటీసు పెట్టి ఊరుకుంటారు. ఏ అవసరమో పడితే ఎన్ని తలుపులు తెరుచుకుంటాయో నాకు తెలియదు. నా ఫికర్ అదే.

ఆ రోజు దవాఖానలో ఆపరేషన్ అయింది. తమ్ముడు పుట్టాడు. అమ్మకు మాత్రం తెలివి సరిగ్గా రాలేదు. బాపు డిపో ఖాకీ బట్టల్లోనే వచ్చి, వార్డు బయట గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. కొడుకును చూడమంటే చూడలేదు. నాయినమ్మ అన్నం తెప్పిస్తే ముట్టలేదు. రాత్రికి తల్లీకొడుకులు ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. ఈసారి మధ్యలో నన్ను కూడా ఎవరూ ఏమీ అడగమనలేదు. అంత భయపడిన బాపును నేను అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

మర్నాడు పొద్దున అమ్మ కళ్లు తెరిచిందని పిలిస్తే లోపలికి వెళ్లాం. బాపు మంచానికి దూరంగా ఆగిపోయాడు. ఏదో అనబోయి, "బండి..." అని ఆగిపోయాడు. అమ్మ ఆయన్ని చాలాసేపు చూసింది. "బ్రేకులు మంచిగనే పడ్తున్నయ్," అంది. కాస్త ఆగి, "సీటే, జెర మెత్తగ జెయ్యాలె," అంది.

బాపు ఉన్నచోటనే కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని పెద్దగా ఏడ్చాడు. ఆయన నిన్నటి నుంచి చేతులు కడుక్కోలేదు, ముఖమంతా గ్రీజు అయింది. "ఊకోరా, పోరడు లేస్తడు," అంటూ నాయినమ్మ కొంగుతో ఆయన ముఖం తుడిచింది. తనూ ఏడుస్తోంది. అమ్మ నవ్వబోయి, కుట్లు నొప్పి పుట్టి ఆగింది. అందరూ ఏడుస్తూ నవ్వుతూ ఉంటే నాకు మాత్రం ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. నేను మంచం పక్కన నిలబడి, ఆ మంచం నుంచి తలుపు దాకా మధ్యలో ఏమేం అడ్డమున్నాయో చూసుకుంటున్నాను.